కంప్యూటర్ తెరవగానే మన అక్షరం

(సికింద్రాబాద్‌లో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు భూమి గురించి, పోరాటాల గురించి, పాటల గురించి చెప్పారు. నాకిచ్చిన విషయం వాటి పక్కన చాలా చిన్నదిగా కనిపిస్తుంది. లైనక్స్ ఉన్న కంప్యూటర్ ఆన్ చేయగానే కీబోర్డు మన భాషకు సిద్ధంగా ఉండాలంటే ఏం చేయాలి? ఇంతే విషయం. కానీ ఈ చిన్న పని సరిగ్గా జరగకనే మనలో చాలామంది రాయడం ఆపేశారు. అందుకే దీనికి అరగంట అడిగి తీసుకున్నాను.

ఆదిలాబాద్ నుంచి కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో, కాగజ్‌నగర్ నుంచి భాగ్యనగర్‌లో, మణుగూరు, కొత్తగూడెం వైపు నుంచి రాత్రి బండిలో చదువుకోవడానికి ఇక్కడికి వచ్చినవాళ్ళు ఈ హాల్లో సగం మందికి పైగా ఉంటారు. వచ్చాక ఏదో ఒకరోజు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అదే మన సీటీసీకి, వెళ్ళి ఒక పాత డెస్క్‌టాపో, వాడిన ల్యాప్‌టాపో కొంటారు. అందులో ర్యామ్ రెండో నాలుగో జీబీ ఉంటుంది. కొత్త విండోస్ దాన్ని మోయలేదు. లైనక్స్ వేస్తే హాయిగా నడుస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. అక్కడిదాకా బాగానే ఉంది. ఊళ్ళో అవ్వ పాడిన పాట ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చారు, దాన్ని రాసి పెట్టుకోవాలి. తెలుగు కీబోర్డు ఎలా వస్తుందని వెతుకుతారు, ఎవరో ఒక ఆదేశం చెబుతారు, టెర్మినల్‌లో కొడతారు, తెలుగు వస్తుంది. నాలుగు చరణాలు రాసి మూసేస్తారు. తెల్లారి తెరిస్తే మళ్ళీ ఇంగ్లీషే. రెండో రోజు ఆదేశం మళ్ళీ వెతికి కొడతారు. మూడో రోజు విసుగొచ్చి ఇంగ్లీషు అక్షరాల్లోనే కోయ మాట రాసేస్తారు. అందులో 'ట'కు 'త'కు తేడా ఉండదు, పొట్టి 'ఎ'కు పొడుగు 'ఏ'కు తేడా ఉండదు. అయిదేళ్ళ తర్వాత ఆ ఫైలు తెరిస్తే రాసినవాళ్ళకే ఆ మాట ఎలా పలకాలో తెలియదు. అవ్వను అడుగుదామంటే అవ్వ ఉండకపోవచ్చు.

మన ఊళ్ళలో ఇది ఇంకా ఎక్కువ. ఇక్కడ నగరంలో కంప్యూటర్‌ను రోజుకొకసారి ఆన్ చేస్తాం. ఏజెన్సీలో హాస్టల్ ల్యాబ్‌లో గాలివాన వచ్చిందంటే కరెంటు మూడుసార్లు పోతుంది, మూడుసార్లు వస్తుంది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. మూడుసార్లు కంప్యూటర్ మొదటి నుంచి లేస్తుంది, మూడుసార్లు కీబోర్డు ఇంగ్లీషుకు పోతుంది. కనుక లేచేటప్పుడే సరిగ్గా లేచేలా చేసుకోవాలి.

అసలు ఎందుకు పోతోంది? ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక.

కంప్యూటర్ లేవడం ఒక్క దెబ్బలో జరిగే పని కాదు. మీట నొక్కగానే ముందు మదర్‌బోర్డు తన పని చూసుకుంటుంది. తర్వాత గ్రబ్ అనే మెనూ వస్తుంది. ఆ తర్వాత కెర్నల్ లేస్తుంది. డిస్కుకు తాళం వేసి ఉంటే అప్పుడే పాస్‌వర్డు అడుగుతుంది. తర్వాత సర్వీసులు లేస్తాయి, లాగిన్ తెర వస్తుంది, మీ పేరు మీద నొక్కి పాస్‌వర్డు కొడితే మీ డెస్క్‌టాప్ వస్తుంది. ఈ మెట్లలో కీబోర్డు ఏ భాషలో ఉండాలో ఒకచోట కాదు, చాలాచోట్ల నిర్ణయమవుతుంది. పై మెట్టు మీద ఉన్నది కింది మెట్టు మాటను కొట్టేయగలదు. మన ఊళ్ళో పటేల్ ఒక మాట అంటే, సార్‌మేడి ఇంకో మాట అంటే, చివరికి ఏది నడుస్తుందో మీకు తెలుసు కదా, అలాంటిదే.

టెర్మినల్‌లో మీరు కొట్టిన ఆదేశం పేరు సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్. అది అప్పుడు నడుస్తున్న సెషన్‌కు మాత్రమే చెబుతుంది, ఎక్కడా రాసి పెట్టదు. లాగౌట్ అయితే అది పోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఉబుంటులో 2021 నుంచి మామూలుగా వచ్చేది వేలాండ్ అనే కొత్త పద్ధతి. అందులో ఈ ఆదేశం పాత రకం అప్లికేషన్ల మీదే పనిచేస్తుంది, మిగతావి పట్టించుకోవు. "అన్నా, కొట్టినా ఏమీ కాలేదు" అని ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువమందికి కారణం ఇదే. కొందరు తెలివిగా ఆ ఆదేశాన్ని లాగిన్ కాగానే దానంతట అదే నడిచే ప్రోగ్రాముల జాబితాలో పెడతారు. పాత పద్ధతిలో, తేలికపాటి డెస్క్‌టాప్‌లలో అది బాగానే నడుస్తుంది. గ్నోమ్‌లో మాత్రం డెస్క్‌టాప్ తన సొంత అమరికను దాని తర్వాత వేసుకుని మీదాన్ని తుడిచేయవచ్చు. ఆదేశాన్ని పదే పదే కొట్టే దారి వదిలేయండని నా సలహా. సరైన చోట ఒకసారి రాసిపెట్టండి.

ఆ సరైన చోటు ఎక్కడ? డెబియన్, ఉబుంటు, లైనక్స్ మింట్ వాడేవాళ్ళకు ఈటీసీ అనే ఫోల్డర్‌లో డీఫాల్ట్ అనే ఫోల్డర్, అందులో కీబోర్డ్ అనే చిన్న ఫైలు ఉంటుంది. మొత్తం నాలుగైదు వరుసలే. ఒక వరుసలో కీబోర్డు మోడల్, అది పీసీ105 అని ఉంటుంది, ముట్టుకోనక్కర్లేదు. తర్వాతి వరుస లేఅవుట్. అక్కడ కొటేషన్ గుర్తుల మధ్య 'యూఎస్, కామా, ఐఎన్' అని రాయాలి. దాని కింద వేరియంట్ అనే వరుస. అక్కడ ముందు ఒక కామా పెట్టి, తర్వాత టీ, ఈ, ఎల్ అనే మూడు అక్షరాలు. దాని కింద ఆప్షన్స్ వరుసలో ఒక భాష నుంచి ఇంకో భాషకు మారే మీట. ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే మారాలంటే 'జీఆర్‌పీ', కోలన్, తర్వాత 'ఆల్ట్ షిఫ్ట్ టాగుల్' అన్న మూడు మాటలు, మధ్యలో అండర్‌స్కోర్లతో. తెర మీద చూపిస్తున్నాను చూడండి, ఫోటో తీసుకోండి.

ఆ కామా దగ్గర కొంచెం ఆగుతాను. వేరియంట్ వరుసలో ముందున్న కామా ఉత్తదనిపిస్తుంది, చాలామంది తీసేస్తారు. లేఅవుట్ వరుసలో మొదటిది ఇంగ్లీషు, రెండోది ఇండియా. వేరియంట్ వరుస కూడా అదే క్రమంలో చదువుతుంది. కామా ముందు ఖాళీ ఉంటే ఇంగ్లీషుకు ప్రత్యేక రకం ఏమీ వద్దని అర్థం. కామా తీసేస్తే 'తెలుగు' అన్న రకం ఇంగ్లీషుకు అంటుకుంటుంది. అమెరికా ఇంగ్లీషులో తెలుగు రకం ఉండదు కదా, అమరిక మొత్తం చెడిపోతుంది. ఇక వేరియంట్ అసలు రాయకుండా 'ఐఎన్' ఒక్కటే పెడితే దేవనాగరి వస్తుంది. "ఇండియా అని పెట్టాను, హిందీ వచ్చింది" అని ఒక చెల్లి నవ్వుతూ అడిగింది. నేనూ నవ్వాను కానీ అందులో నవ్వు ఒక్కటే లేదు. ఇండియా అని ఊరుకుంటే మనం రాము, మనమెవరమో పేరు పెట్టి చెప్పాల్సిందే.

ఫైలు చేత్తో మార్చడానికి భయమైతే, డీపీకేజీ రీకాన్ఫిగర్ అనే ఆదేశం కీబోర్డ్ కాన్ఫిగరేషన్ అనే పేరుతో కలిపి ఇవ్వండి. మెనూలు చూపించి, అడిగి అదే రాసిపెడుతుంది. ఫెడోరా వాడేవాళ్ళకు లోకేల్‌సీటీఎల్ అనే ఆదేశం ఉంది, దానికి లేఅవుట్, మోడల్, వేరియంట్, ఆప్షన్స్ ఈ వరుసలోనే ఇవ్వాలి. డిస్కుకు తాళం వేసుకున్నవాళ్ళు డెబియన్ రకంలో అయితే ఇంకో పని చేయాలి. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్ళీ కట్టించే ఆదేశం ఒకటుంది, అది ఇవ్వకపోతే తాళం అడిగే తెరకు కొత్త అమరిక తెలియదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త. ఇంగ్లీషే మొదట ఉండాలి. భాషాభిమానంతో తెలుగును మొదట పెట్టేవాళ్ళు ఉన్నారు, నేను వద్దంటాను. లాగిన్ తెర మీద పాస్‌వర్డు చుక్కలుగా కనిపిస్తుంది, ఏ అక్షరం పడుతోందో కనపడదు. తెలుగు మొదట ఉంటే మీరు ఇంగ్లీషు అనుకుని కొడుతుంటారు, అది తెలుగు తీసుకుంటుంది, తప్పు పాస్‌వర్డు అంటుంది. హాస్టల్‌లో అలా లోపలికి పోలేక, కంప్యూటర్ పాడైందనుకుని మూలకు నెట్టిన సందర్భాలు ఉన్నాయి. ఇంకొకటి, అక్షరాలు మాత్రమే కనిపించే నల్లటి కన్సోల్ తెర తెలుగును సరిగ్గా చూపించలేదు. దానికి ఒకేసారి 512 రూపాలకు మించి పట్టవు, గుణింతం, వత్తు కలిపి గీసే శక్తి దానికి లేదు. ఏదైనా చెడిపోయినప్పుడు బాగు చేయాల్సింది ఆ తెర మీదే. అక్కడ ఇంగ్లీషు లేకపోతే చేతులు కట్టేసినట్టే. మొదటి వరుసలో ఇంగ్లీషు ఉండటం అవమానం కాదు, గడప మీద దీపం లాంటిది. లోపలికి వచ్చాక ఇల్లు మనదే.

ఏ భాషలో ఉన్నామో తెలియడానికి పాత కీబోర్డుల్లో ఒక మంచి ఉపాయం ఉంది. స్క్రోల్ లాక్ దీపం ఎవరికీ ఉపయోగపడదు కదా. ఆప్షన్స్ వరుసలో 'జీఆర్‌పీ ఎల్‌ఈడీ', కోలన్, 'స్క్రోల్' అని కలిపితే రెండో భాషలోకి వెళ్ళినప్పుడు ఆ దీపం వెలుగుతుంది. దీపం వెలిగితే మన భాష. చిన్నపిల్లలకు నేర్పేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది.

సిస్టమ్ స్థాయిలో ఇది చేశాక డెస్క్‌టాప్ స్థాయి చూడాలి. గ్నోమ్‌లో సెట్టింగ్స్‌లో కీబోర్డ్ దగ్గర ఇన్‌పుట్ సోర్సెస్ అని ఉంటుంది. ముందు నుంచి వాడుతున్న ఖాతా అయితే అక్కడి జాబితాయే నెగ్గుతుంది, మీరు ఈటీసీలో ఏం రాసినా సరే. అందుకని అక్కడ కూడా ఇంగ్లీషు కింద తెలుగు చేర్చండి. అక్కడ భాష మార్చే మీట విండోస్ గుర్తున్న మీట, స్పేస్ బార్ కలిపి. ల్యాబ్‌లో 20 కంప్యూటర్లు, ఒక్కోదానిలో అయిదుగురు పిల్లల ఖాతాలు ఉంటే ఒక్కొక్కటి తెరిచి మార్చలేం. దానికి డీకాన్ఫ్ అనే పద్ధతి ఉంది. ఈటీసీలోనే ఒక ఫైలులో రాసి, డీకాన్ఫ్ అప్‌డేట్ అని ఆదేశిస్తే, తన సొంత జాబితా పెట్టుకోని ప్రతి ఖాతాకూ అదే వర్తిస్తుంది. ల్యాబ్ చూసే ఉపాధ్యాయులు ఎవరైనా ఉంటే సమావేశం తర్వాత కలవండి, దాన్ని మాటల్లో చెప్పడం కంటే చేసి చూపడం మేలు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. "అన్నా, మేం ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో అమ్మ అని కొడితే తెలుగు అమ్మ వస్తుంది. అదే కావాలి" అంటారు. ఇప్పటిదాకా చెప్పింది ఎక్స్‌కేబీ గురించి. అది ఒక మీటకు ఒక అక్షరం ఇస్తుంది, అంతే. నాలుగు ఇంగ్లీషు అక్షరాలను కలిపి ఆలోచించి 'అమ్మ' అని మార్చడం దానికి రాదు. ఆ పని చేసేది ఐబస్ లాంటి ఇన్‌పుట్ మెథడ్. దానికి ఎం17ఎన్ అనే ప్యాకేజీ కలిపితే తెలుగుకు ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ పద్ధతులు వస్తాయి. ఐబస్ మీరు లాగిన్ అయ్యాక లేచే ప్రోగ్రాము. అది లేవకపోతే తెలుగు రాదు. గ్నోమ్ దాన్ని తనే లేపుతుంది, వేరే డెస్క్‌టాప్‌లలో ఐఎం-కాన్ఫిగ్ అనే ఆదేశంతో చెప్పుకోవాలి.

కానీ నేను మీకు ఇన్‌స్క్రిప్టే నేర్చుకోమంటాను, మన విషయంలో దానికి గట్టి కారణం ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే పద్ధతులు తెలుగు మాటలకు అలవాటు పడ్డవి. కొన్ని పద్ధతులు తెలుగు మాటను ఊహించి తమంతట తామే దిద్దుతాయి కూడా. మీరు కొలామీ మాట కొడితే దానికి దగ్గరగా ఉన్న తెలుగు మాట పెట్టేస్తాయి. మన భాషను తప్పుగా భావించి దిద్దే యంత్రం మనకెందుకు? ఇన్‌స్క్రిప్ట్ ఏదీ ఊహించదు. మీరు నొక్కిందే పడుతుంది.

ఇంకో లాభం ఉంది. 1980లలో ప్రభుత్వం మన దేశపు లిపులన్నిటికీ ఒకే అమరిక ఉండేలా ఇన్‌స్క్రిప్ట్‌ను రూపొందించింది. ఎడమ చేతి వైపు అచ్చులు, కుడి చేతి వైపు హల్లులు. 'గోండీ' అని రాయాలంటే ఇంగ్లీషు కీబోర్డు మీద ఐ, ఏ, ఎక్స్, దాని తర్వాత ఎడమ చదరపు బ్రాకెట్, ఆర్. తెలుగులోనూ అవే అయిదు మీటలు, దేవనాగరిలోనూ అవే అయిదు మీటలు. మహారాష్ట్ర వైపు ఉన్న మన చుట్టాలు దేవనాగరిలో గోండి రాస్తారు, మనం తెలుగులో రాస్తాం. కళ్ళకు రెండు లిపులు, వేళ్ళకు మాత్రం ఒకటే.

ఇక మన సొంత లిపి సంగతి. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో దొరికిన చేతిరాత ప్రతుల గురించి మీలో చాలామంది విన్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి బృందం వాటిని వెలుగులోకి తెచ్చింది. ఆ గుంజాల గోండి లిపి 2018 జూన్‌లో వచ్చిన యూనికోడ్ 11లో చేరింది. అంతకు ముందు ఏడాది, 2017లో, యూనికోడ్ 10లో మసరాం గోండి లిపి చేరింది. అది 1918లో మధ్యప్రదేశ్ బాలాఘాట్ ప్రాంతపు మున్షీ మంగళ్ సింగ్ మసరాం తయారు చేసిన లిపి. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 29 లక్షల 84 వేల మంది. ఇంతమంది భాషకు కంప్యూటర్‌లో సొంత స్థానం దొరకడానికి అంతకాలం పట్టింది.

యూనికోడ్‌లో చేరడమంటే ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకునే ఒక నంబరు దొరకడం. ఇంటి స్థలానికి పట్టా వచ్చినట్టు. పట్టా వచ్చినంత మాత్రాన ఇల్లు లేవదు. అక్షరం కనిపించాలంటే ఫాంట్ కావాలి, దానికి నోటో సాన్స్ గుంజాల గోండి ఉచితంగా దొరుకుతుంది. అది లేకపోతే ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. డబ్బాలు కనిపిస్తే కీబోర్డు చెడిపోలేదు, ఫాంట్ లేదని గుర్తు. ఈ రెండిటినీ కలిపి గందరగోళపడకండి. ఫాంట్ తర్వాత కొట్టడానికి మీట కావాలి, అంటే లేఅవుట్.

మీ లైనక్స్ జాబితాలో గుంజాల గోండి కనిపించకపోతే మనమే రాసుకోవచ్చు. నిజంగానే, ఇది కష్టమైన పని కాదు. ఎక్స్‌కేబీ లేఅవుట్ అంటే ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. ప్రతి మీటకూ ఒక వరుస, ఆ వరుసలో ఏ అక్షరం రావాలో దాని యూనికోడ్ నంబరు. గుంజాల గోండి నంబర్లు 11డీ60 నుంచి 11డీఏఎఫ్ వరకు కేటాయించారు. యూనికోడ్ పట్టిక పక్కన పెట్టుకుని, ఇన్‌స్క్రిప్ట్ స్థానాల ప్రకారం కూర్చుంటే రెండు సాయంత్రాల పని. ఒక్కటి గమనించండి, పట్టికలో గుంజాల హల్లులు క, ఖ, గ వరుసలో ఉండవు. 'య'తో మొదలై వ, బ అంటూ వెళ్తాయి. తెలుగు వరుసలో గుడ్డిగా నింపుకుంటూ పోతే అన్నీ తారుమారవుతాయి. ప్రతి అక్షరం పేరు చదివి పెట్టాలి.

ఆ ఫైలు ఎక్కడ పెట్టాలన్నదే మళ్ళీ స్టార్టప్ ప్రశ్న. యూఎస్‌ఆర్ కింద ఎక్స్‌కేబీ ఫోల్డర్‌లో పెడితే పనిచేస్తుంది కానీ ఆ ఫోల్డర్ సిస్టమ్‌ది. అక్కడున్న ఫైలును దిద్దితే తర్వాతి అప్‌డేట్ వచ్చినప్పుడు మీరు చేసింది చెరిగిపోతుంది. వేలాండ్ వాడేవాళ్ళకు మంచి దారి ఉంది. మీ హోమ్ ఫోల్డర్‌లో డాట్ కాన్ఫిగ్, అందులో ఎక్స్‌కేబీ అనే ఫోల్డర్ పెట్టుకుంటే అక్కడి నుంచి చదువుతుంది. సింబల్స్ అనే ఫోల్డర్‌లో మీ లేఅవుట్, రూల్స్ అనే ఫోల్డర్‌లో దాని పేరును జాబితాలో చూపించే ఇంకో చిన్న ఫైలు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, అడ్మిన్ పాస్‌వర్డు అక్కర్లేదు, అప్‌డేట్ ముట్టుకోదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంకో కంప్యూటర్‌కు తీసుకుపోవచ్చు.

ఒక హద్దు చెప్పి ముగిస్తాను. ఎక్స్‌కేబీ ఒకేసారి నాలుగు లేఅవుట్లనే పట్టుకుంటుంది. ఉట్నూరు పిల్లవాడి సంగతి చూడండి. బడికి ఇంగ్లీషు, ఊరికి తెలుగు, సరిహద్దు అవతలి చుట్టాలకు దేవనాగరి, ఇంటికి గుంజాల గోండి. సరిగ్గా నాలుగు. అవసరం లేని లేఅవుట్లు ఊరికే చేర్చి పెట్టుకుంటే మనదానికే చోటు ఉండదు. కోయ, కొలామీ, గోర్ బోలీ రాసేవాళ్ళకు తెలుగు లేఅవుట్‌తోనే ఎక్కువ పని జరుగుతుంది, వాళ్ళకు రెండో మూడో చాలు.

ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్ళు భోజనం తర్వాత వెనక టేబుల్ దగ్గరికి రండి. ఒక్కొక్కరిదీ అమరుద్దాం. అమర్చాక మూడుసార్లు పరీక్ష చేయాలి. ఒకసారి లాగౌట్ అయి రావాలి, ఒకసారి రీస్టార్ట్ చేయాలి, ఒకసారి పూర్తిగా ఆపి, కరెంటు పోయినట్టే, మళ్ళీ ఆన్ చేయాలి. మూడుసార్లూ లాగిన్ తెర మీద ఇంగ్లీషు, లోపల ఆల్ట్ షిఫ్ట్ కొడితేనో, గ్నోమ్‌లో అయితే విండోస్ మీట, స్పేస్ కొడితేనో మన అక్షరం రావాలి. పాటలు రికార్డు చేసుకొచ్చినవాళ్ళు ఇయర్‌ఫోన్లు కూడా తెచ్చుకోండి. మొదటి చరణం అక్కడే కొట్టి చూద్దాం.